తల కొండవైపు

ఊరు బూడిద కింద పడిన ఏడాదిన్నరకు సమాధుల స్థలం ఎక్కడుందో తేల్చాల్సి వచ్చింది. అప్పటిదాకా ఎవరూ తొందరపడలేదు. బతికినవాళ్లకు ఇళ్లు కావాలి, ఆవులు కావాలి. పోయినవాళ్లు ఎక్కడికీ పోరనుకున్నారు.

తెగల్‌స్రుని జావాలో, కొండకు దక్షిణాన ఉన్న ఆఖరి పల్లె. దాని పైన అడవి, అడవి పైన రాళ్లు. కొండ పొగ వదిలితే అక్కడివాళ్లు పేలుతోందని అనరు. కొండ వాళ్లకు తాత. తాత ఇంట్లో కార్యం జరుగుతోందంటారు. ఆ ఏడు కార్యం పెద్దదైంది. జనాన్ని ముందుగానే కింది ఊరి బడిలోకి దించారు. ఆవులు మాత్రం పైనే ఉండిపోయాయి. పాలు పిండకపోతే ఆవుకు పొదుగు వాస్తుంది. అందుకని కొందరు మగవాళ్లు రోజూ పొద్దున్నే పైకి వెళ్లి, గడ్డి వేసి, పాలు పిండుకుని దిగేవాళ్లు. ఒకనాడు వాళ్లు పైన ఉండగా ఉన్నిగొర్రె దిగింది. బూడిదా రాళ్లూ సెగా కలిసి దొర్లుకుంటూ వచ్చే మేఘానికి అక్కడ అదే పేరు. దూరం నుంచి అలాగే కనబడుతుంది. వెళ్లినవాళ్లలో ఒక్కరూ తిరిగి రాలేదు. వార్సినెమ్ భర్త సర్జొనో వాళ్లలో ఒకడు. అతని పాలక్యాను దొరికింది. అతను దొరకలేదు.

దాంతో వార్సినెమ్‌కు ఈ నేల మీద మిగిలిన సమాధి ఒక్కటే, కొడుకు వగియోది. వాడు ఆ కార్యానికి ఆరేళ్ల ముందు జ్వరంతో పోయాడు. పోయేనాటికి నాలుగేళ్లవాడు. రంజాన్ ఉపవాసాల నెలకు ముందు నెలలో పల్లె అంతా సమాధుల దగ్గరికి వెళ్లి గడ్డి పీకి, పూలు చల్లి, అప్పాలు పంచుతారు. ఆ ఆరేళ్లూ ఆమె వెళ్లింది. తర్వాతి ఏడు వెళ్లడానికి స్థలం లేదు. ఇళ్ల కప్పులే కనబడనంత ఎత్తున ఇసుక ఉంది.

ఆ ఇసుకే ఇప్పుడు పల్లెకు పని ఇస్తోంది. జనాన్ని కిందికి తరలించి కాలనీలో వరస ఇళ్లు కట్టించారు. ఆ ఇళ్లకు కొట్టం లేదు, ఆవుకు చోటు లేదు. పై భూములు ఇంకా వాళ్లవే. కొండ ఇసుక కోసం నగరాల నుంచి లారీలు వస్తున్నాయి. ఊరిపెద్ద సుగిమిన్ ఒక గుత్తేదారుతో మాట్లాడాడు. సమాధుల స్థలం వదిలేసి మిగతాదంతా తవ్వుకోవచ్చన్నాడు. అయితే వదిలేయాల్సింది ఎక్కడుందో ముందు చూపించాలి.

చూపించాల్సినవాడు క్రొమో తాత. పల్లెలో గోతులు తవ్వించేదీ, సమాధులు చూసుకునేదీ ఆయనే. ఆయనకు ముందు ఆయన తండ్రి.

పూల బుట్టలతో, అప్పాల గిన్నెలతో ఆడవాళ్లు వచ్చి ఇసుక మీద నిలబడ్డారు. చెట్టు లేదు, గోడ లేదు, కాలవ లేదు. ఊరిదని చెప్పడానికి పాత వంతెన మొండి ఒక్కటే పైకి కనబడుతోంది. క్రొమో అక్కడి నుంచి నడక మొదలుపెట్టి పైకి వచ్చాడు. ఎంత దూరం రావాలో ఆయన కాళ్లకు తెలుసు. తర్వాత వెదురు కర్రను ముఖానికి ఎదురుగా నిలువుగా పట్టుకుని కొండను చూశాడు.

"ఎంతసేపు తాతా? మళ్లీ మబ్బు పట్టేస్తోంది," అన్నాడు సుగిమిన్.

"పట్టనీ. నేనేమన్నా దానికి పెళ్లిచూపులకి వచ్చానా? ఒక్క చూపు చాలు."

"పట్నం నుంచి కొలిచేవాణ్ణి పిలుద్దామంటే వద్దంటివి."

"వాడు మన సమాధులు ఎప్పుడన్నా చూశాడా? కొలవడానికి ఏముంది అక్కడ?"

జావాలో శవాన్ని ఉత్తర దక్షిణాలుగా పెడతారు. తల ఉత్తరానికి. తెగల్‌స్రునిలో ఉత్తరమంటే కొండే. శిఖరం మీద ఒక గాటు ఉంటుంది. దానికీ పల్లెకూ మధ్యన అడవిలో రాతి మూపు ఒకటి. ఆ గాటూ ఆ మూపూ కర్ర మీద ఒకే గీతకు వస్తే, నిలబడ్డవాడు మొదటి వరస సమాధుల మీద ఉన్నట్టు. క్రొమో తండ్రి గోతులన్నీ ఆ గీతకే తవ్వించాడు. క్రొమో కూడా అంతే.

ఆయన రెండడుగులు పడమటికి జరిగాడు. ఇంకా జరిగాడు. పొలం అంత దూరం వెళ్లి ఆగి, కర్ర గుచ్చాడు.

"ఇదే మొదటి వరస."

వార్సినెమ్ చుట్టూ చూసింది. "తాతా, ఇంత పడమటికా? పొద్దున పూట వాడి దగ్గర నాకు ఎండ తగిలేది కాదు. తూర్పు గట్టు నీడ ఉండేది."

"గట్టు సగం కూలిపోయింది కదమ్మా. నీడ ఎక్కడి నుంచి వస్తుంది?"

"అది నిజమే," అన్నారు పక్కనున్నవాళ్లు.

ఆమెకూ నిజమే అనిపించింది. క్రొమో కర్ర దగ్గర నుంచి వరసలు చెబుతూ వెళ్లాడు. ఇది మా అయ్య, ఇది మా ఆవిడ, దాని పక్కన నీ కొడుకు. చెప్పినచోటల్లా ఒక్కొక్క ఏటిరాయి పాతారు. వార్సినెమ్ వగియో రాయి పక్కనే ఇంకో రాయి పాతింది. దాని కింద ఎవరూ లేరని అందరికీ తెలుసు. సర్జొనోకు ఒక చోటు ఉండాలి కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. దువా చదివారు. అప్పాలు పంచారు. క్రొమోకు రెండు ఎక్కువ పెట్టారు.

వారం తిరక్కుండా పొక్లెయిన్ వచ్చింది. రాళ్లు పాతిన చోటు వదిలేసి తూర్పు నుంచి తవ్వడం మొదలుపెట్టింది. వార్సినెమ్ గుంత అంచున నీడకు పట్టా కట్టుకుని టీ, సోయా బజ్జీలు అమ్మసాగింది. పొక్లెయిన్ నడిపే పర్యాడిది సముద్రం వైపు ఊరు. నోరు ఊరుకోదు.

"అక్కా, ఇది బజ్జీయా, బూటు అడుగా? పళ్లు కదులుతున్నాయి."

"నీ పళ్లు ముందే కదిలి ఉంటాయి. మీ ఆవిడ కొట్టి ఉంటుంది."

"మా ఆవిడ కొట్టదు. అన్నం మానేస్తుంది. దానికంటే కొట్టడమే నయం."

పైన బూడిదరంగు ఇసుక. అది అయిపోతే పాత నేల, నల్లమట్టి. ఇసుక నగరానికి పోతుంది. నల్లమట్టిని దగ్గరలో మెరక వేయడానికి తీసుకుపోతున్నారు. రెండూ తవ్వాకే పొక్లెయిన్ ముందుకు జరుగుతుంది.

ఒక రోజు మధ్యాహ్నం ఆమె టీ గ్లాసులతో గుంతలోకి దిగింది. బకెట్ పైకి లేచింది. నల్లమట్టితో పాటు సిమెంటు అంచు ముక్క ఒకటి జారి కింద పడింది. ముక్క మీద ఏటి గులకరాళ్లు వరసగా గుచ్చి ఉన్నాయి. వగియో పోయిన ఏడు, వస్తానన్న మేస్త్రి రాకపోతే, వాడి సమాధికి ఆ అంచు ఆమే పోసింది. తడి ఆరకముందే గులకరాళ్లు గుచ్చింది. చివరికి రాళ్లు చాలక మూల దగ్గర ఎడంగా పెట్టింది. మూల ముక్కే ఇప్పుడు ఎదురుగా ఉంది.

"ఆపు! బకెట్ ఆపు!"

"ఏంటక్కా, పొంగిపోయిందా పొయ్యి మీద?" అంటూ పర్యాడి కిందికి చూశాడు. ఆమె ముఖం చూసి ఇంజను ఆపేశాడు.

కబురు వెళ్లింది. సుగిమిన్ వచ్చాడు, క్రొమో వచ్చాడు, లారీల దగ్గరి మగవాళ్లూ వచ్చారు. వార్సినెమ్ సిమెంటు ముక్కను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"తాతా, ఇది మా వాడిది."

క్రొమో ముక్కను తీసుకున్నాడు. తిప్పి చూశాడు. తిరిగి ఇచ్చేశాడు.

"ఇది పాలకేంద్రం కాలవ గోడది."

"కాలవ గోడకి గులకరాళ్లు ఎవరు గుచ్చుతారు?"

"ఎవడో పిల్లాడు గుచ్చుంటాడు."

"నేను గుచ్చాను తాతా. నువ్వు నా పక్కనే కూర్చుని బీడీ కాల్చుకున్నావు. పొట్టివాడికి ఇంత మేడ ఎందుకే అన్నావు."

కొండ ఆ పూట తేటగా ఉంది. ఆమె అటు చెయ్యి చాపింది.

"ఆ గాటు చూడు. మన పాత గాటేనా అది? ఆ ఏడు కొండతాత నెత్తి ఊడిపడలేదా? పాతది పూడిపోయింది. ఇది కొత్తగా తెరుచుకుంది, ఇంకా తూర్పున. నువ్వు కొత్త గాటుకి కర్ర పట్టావు. అందుకే అంత పడమటికి పోయావు."

శిఖరం విరిగిన సంగతి అందరికీ తెలుసు. రోజూ చూస్తున్నారు. గాటు కూడా మారి ఉంటుందని ఎవరికీ తట్టలేదు. మగవాళ్లు కొండవైపు చూసి, తర్వాత నేలవైపు చూశారు.

"గాటు గాటే," అన్నాడు క్రొమో. "పుట్టినప్పటి నుంచి చూస్తున్నా."

సుగిమిన్ గొంతు తగ్గించాడు. "వార్సినెమ్ అక్కా, విను. అక్కడ దువా అయింది. అందరి పేర్లూ చదివాం. ఇప్పుడిది సమాధుల చోటంటే రేపటి నుంచి లారీలు పక్క పల్లెకి పోతాయి. మళ్లీ రావు. వీళ్లందరికీ ఉన్నది ఈ పని ఒక్కటే. నీ పొయ్యి కూడా దీని మీదే వెలుగుతోంది."

"మీ అమ్మ కూడా ఇక్కడే ఉంది సుగిమిన్."

"మా అమ్మ అక్కడ ఉంది," అని రాళ్లు పాతిన వైపు చూపించాడు. "దువా చదివిన చోట ఉంది."

ఆమె మిగతావాళ్ల వైపు తిరిగింది. ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడిగింది. ఇది కాలవ గోడేనా అని. ఒకడు తాతకే తెలుస్తుందన్నాడు. ఒకడు లారీ దారికి అడ్డంగా ఉందని వెళ్లిపోయాడు. ప్రార్థన వేళయిందని సుగిమిన్ అందరినీ పైకి తీసుకుపోయాడు. వెళ్తూ పర్యాడితో అన్నాడు, "అన్నం తిని మొదలుపెట్టు. ఈ మూల ఇవాళ పూర్తి చేసెయ్."

గుంతలో వార్సినెమ్, పర్యాడి మిగిలారు. అతను అన్నం పొట్లం విప్పలేదు.

"ఎంత లోతున పెట్టారక్కా?"

"వాళ్ల నాన్న దిగితే ఛాతీ దాకా వచ్చింది."

"నువ్వు కొంచెం దూరంగా నిలబడు. చెయ్యెత్తితే ఆపేస్తా."

బకెట్ పళ్లు పైకి తిప్పి, వెనక అంచుతో మట్టిని పొరలుగా గీశాడు. ఒక్కో పొర తీశాక ఇంజను ఆపి, దిగి వచ్చి చూశాడు. నాలుగో పొర కింద వెదురు చీలికల ముక్కలు కనబడ్డాయి. శవం మీద మట్టి పడకుండా ఏటవాలుగా పేర్చినవి. ఆమె చెయ్యెత్తింది. తర్వాత పనంతా చేతులతోనే.

ఎక్కువేమీ లేదు. తల, కాళ్ల ఎముకలు, కొన్ని పళ్లు. ఆమె భుజాన ఉన్న బాతిక్ గుడ్డ విప్పి నేల మీద పరిచింది. ఒక్కొక్కటీ మట్టి తుడిచి అందులో పెట్టింది.

"నాకు ఖురాన్‌లో ఒక్క సూరానే వచ్చు," అన్నాడు పర్యాడి. "అదీ మధ్యలో తప్పుతా."

"తప్పినా పర్లేదు. చదువు."

అతను టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, చదివాడు.

లేచేటప్పుడు ఆమె పక్కకు చూసింది. వగియోకు తూర్పున ఉండాల్సిన సమాధి లేదు. పొద్దుటి నుంచీ పొక్లెయిన్ తవ్వుతూ వచ్చింది అటు నుంచే. అక్కడ గుంత అడుగు చదునుగా ఉంది, చక్రాల గుర్తులు ఉన్నాయి. ఆ చోటు క్రొమో భార్యది.

గుంత పైకి ఎక్కేసరికి దారి పక్కన క్రొమో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ప్రార్థనకు వెళ్లలేదు. ఆమె భుజానికి పసిపిల్లలా కట్టుకున్న మూటను చూశాడు.

"దొరికాడా?"

"దొరికాడు."

"తూర్పు పక్కన?"

"ఏమీ లేదు తాతా."

ఆయన వెదురు కర్రను పక్కన పెట్టాడు. "ముక్క చూడగానే తెలిసింది. పొద్దుటి నుంచి నేనే ఇక్కడ దారి పక్కన నిలబడి లారీలు లెక్క పెడుతున్నా. ఔనని ఎలా అననే?"

వెనక ఇంజను మోగింది. క్రొమో లేచి నిలబడ్డాడు.

"పొద్దున నల్లమట్టి ఎటు పోయింది?"

"నిన్నా ఇవాళా మన కాలనీకే. మసీదు ముందు వీధి మెరక వేస్తున్నారు."

ఇద్దరూ కలిసి దిగారు. కాలనీ మొదట్లో వీధి నిండా కొత్త మట్టి పరిచి ఉంది. చదును కూడా చేశారు. పిల్లలు దాని మీద బంతి ఆడుతున్నారు. సాయంత్రపు ప్రార్థన అయి జనం బయటికి వస్తున్నారు. క్రొమో వీధి అంచున ఆగి చెప్పులు విడిచాడు. విడిచినా అడుగు వేయలేదు.

"నేనిటు రాలేను. నువ్వు పో."

"నేను మాత్రం ఎలా వస్తాను?" అంది వార్సినెమ్.

మసీదు మెట్ల మీద నుంచి సుగిమిన్ వాళ్లను చూశాడు. చెప్పులు విడిచిన ముసలాయన్నీ, ఆమె భుజాన ఉన్న మూటనూ, మధ్యలో మట్టినీ చూశాడు. చెప్పులు వేసుకోబోతున్న కాలు వెనక్కి తీసుకున్నాడు. వెనక ఉన్నవాళ్లు ఏమైందని అడుగుతున్నారు. అతను పిల్లల్ని కేకేశాడు.

"ఆట ఆపండి. అక్కడి నుంచి బయటికి రండి. మెల్లగా రండి, పరిగెత్తొద్దు."