సాగనంపేవాళ్ళ చోటు

కొత్త విమానాశ్రయానికి తాను గీసిన నమూనాను సరళ రేపు బెంగళూరు ఆఫీసులో చూపించాలి. ఒప్పుకుంటే అదే ఆమెకు మొదటి పెద్ద పని. పుంగనూరు ఇంట్లో ఆమె తల్లి ఆదిలక్ష్మమ్మ పూజ ముగించి, ఆ కాగితానికి కుంకుమ పెట్టబోయి ఆగింది.

“సాగనంపను వచ్చినోళ్ళు యాడ నిలబడాలమ్మా?”

“వాళ్ళను లోపలికి రానీరు. బయటే.”

“ఎండలోనా? మీ సిన్నాయన ఇమానంలో కాశీకి పోతే సాగనంపను పదైదు మందిమి పోయినాం. అంగళ్ళు అడ్డం. ఆయప్ప సెయ్యి ఊపింది గూడా కనపడలా.”

అంగళ్ళ బాడుగే ఆఫీసువాళ్ళకు ముఖ్యమని సరళకు తెలుసు. అయినా రెండు అంగళ్ళు చెరిపి, అక్కడ అద్దాల గోడ, బయట నీడలో పొడవాటి బల్ల గీసింది.

“ఇరవై మంది కూర్చోవచ్చు చూడు.”

“సాలదు,” అంది తల్లి.

రేపు ఆఫీసులో ఆ బాడుగల సంగతి అడగడం ఖాయమైనా, సరళ మూడో అంగడిని కూడా చెరిపేసింది.