పైవరసలో వస్తువు

"తువ్వాలు!"

స్నానాలగదిలోంచి భర్త అరిచింది ఆ ఒక్క మాటే. ఎవర్ని పిలిచాడో ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె పాల కింద మంట తగ్గించి, తడిచేతులు తుడుచుకుంటూ వెళ్లింది.

"తలుపు వెనకే ఉందండీ, రోజూ ఉండేచోటే!"

"అరె, ఇక్కడేనా! నువ్వు లేకపోతే ఈ ఇంట్లో గుండుసూదైనా దొరకదు, సెర్చమ్మా!"

ఆ ముద్దుపేరు పెట్టింది అతనే. ఆమె ఉద్యోగం ఆన్‌లైన్ దుకాణంలో. జనం ఏదైనా వెతికితే ఏ వస్తువు ముందు కనబడాలో, ఏది అడుగున పడాలో నిర్ణయించే పని. ఇంట్లో మాత్రం ఆమే సెర్చ్ బాక్సు. తాళాలు అంటే తాళాలు, సాక్సులు అంటే సాక్సులు. పొయ్యి దగ్గరున్నా, జ్వరంతో పడుకున్నా జవాబు ఠక్కున రావాలి. మహానుభావుడికి కళ్లు లేవా అంటే, ఉన్నాయి, మంచి కళ్లే! వాటితో వెతకాల్సిన అవసరమే ఏనాడూ రాలేదు, అంతే.

టీ తాగేటప్పుడు చెప్పింది. "నన్ను మా విభాగానికి పెద్దని చేస్తారట. జనం లేచేలోపు వరసలు సర్దాలి కాబట్టి తెల్లారేసరికి ఆఫీసులో ఉండాలి. సాయంత్రంలోగా చెప్పమన్నారు."

"శభాష్ బంగారం!" అతని మొహం వెలిగిపోయింది. "కానీ పొద్దున్నపూట నువ్వు లేకపోతే మేమేమైపోతాం? వచ్చే ఏడాది చూద్దాంలే."

ప్రేమగానే అన్నాడు. అందుకే ఆమెకు ఒళ్లు మండింది. తిడితే తిరిగి తిట్టొచ్చు, ముద్దుచేస్తే ఏమనగలదు?

అత్తగారు కప్పులు తీస్తూ గొంతు తగ్గించింది. "వీళ్ల నాన్నా అంతేనే అమ్మాయ్. నువ్వు లేకపోతే నాకు చెయ్యాడదు అనేవాడు. పొంగిపోయి ఈ వంటింట్లోనే ఉండిపోయాను."

ఆ మాట ఆఫీసుదాకా వెంట వచ్చింది. అక్కడ తెరమీద నీళ్లసీసాల వరసలో ఒక ఎర్రసీసా ఎప్పుడూ మొదట ఉంటోంది. దాన్నొకసారి కిందికి దించుదామని వారం నుంచీ పోరుతోంది.

"అమ్మకాలు పడిపోతే?" అంది మేనేజరు.

"పడవు మేడమ్. పైనుందని అందరూ దాన్నే నొక్కుతున్నారు. నొక్కుతున్నారని అది పైనే ఉంటోంది. జనం వెతుక్కోలేక కాదు, మనం వెతుక్కోనివ్వక."

సరేనంది మేనేజరు. మధ్యాహ్నానికల్లా జనం కిందికి జరుపుకుంటూ పోయి, ఎన్నాళ్లుగానో అడుగున పడున్న సీసాల్ని హాయిగా కొనుక్కున్నారు. కొంప మునగలేదు. తెరమీద అడుగుకు చేరిన ఆ ఎర్రసీసాని ఆమె వెతికి మరీ చూసింది. పాపం, దానికీ కాస్త విశ్రాంతి దొరికింది. సాయంత్రం దాకా ఆగకుండా మేనేజరు దగ్గరికి వెళ్లి, "రేపట్నుంచే వస్తాను" అని చెప్పేసింది. ఇంట్లోనూ అదే మాట చెప్పింది. అతను నవ్వేసి, "చూద్దాంలే" అన్నాడు.

మర్నాడు వెలుగు రాకముందే బ్యాగు తగిలించుకుని చెప్పులేసుకుంటోంది.

"తువ్వాలు!"

అలవాటుకొద్దీ పాదం లోపలికి తిరిగింది. ఆమె దాన్ని బలవంతంగా ఆపింది.

"సెర్చమ్మా! తువ్వాలు!... అమ్మా! నువ్వైనా చూడవే!"

కుర్చీలో కూర్చున్న అత్తగారు కోడలికేసి చూసి, వెళ్లమన్నట్టు చెయ్యి ఊపింది.

"నాకూ కనబడటం లేదురా నాయనా!" అని గట్టిగా కేకేసి, తాపీగా టీ చప్పరించింది.