వెనక గదిలో గుడ్లు

రోజూ పనికి వెళ్ళేముందు చిన్నమ్మాయి తన గది తలుపు దగ్గరికి వేసి, తలుపు రెక్కకీ ద్వారబంధానికీ మధ్య ఒక దారం పోగు అంటించి వెళ్ళేది. వెంట్రుక కన్నా కాస్త లావు, అంతే. సాయంత్రం ఇంటికొచ్చాక చెప్పులైనా విప్పకుండా ముందు వంగి ఆ పోగు చూసుకునేది. తెగలేదంటే హమ్మయ్య అనుకుని, అప్పుడు చెప్పులు విప్పేది.

పేరుకి చిన్నమ్మాయి గానీ ఆవిడకి నలభై దాటి చాలా రోజులైంది. ఇంట్లో అందరికంటే చిన్నది కాబట్టి ఆ పేరు అలాగే ఉండిపోయింది. డ్రైక్లీనింగ్ దుకాణంలో రఫూ పని. కోటు చిరిగినా, స్వెటర్ ఎలుక కొట్టినా, ఆ బట్ట లోపలి నుంచే పోగులు లాగి, చిరుగు ఎక్కడుండేదో వేసుకున్నవాళ్ళకే తెలియకుండా నేసి ఇస్తుంది. పొద్దస్తమానం చిరుగులు వెతికిన కళ్ళు ఇంటికొచ్చాక మాత్రం ఊరుకుంటాయా? అనుమానం పెనుభూతం అంటారు. ఆవిడ దగ్గర ఆ భూతం మంచం వేసుకుని మరీ కాపురం ఉండేది.

ఆ అనుమానమంతా వదిన మీదే.

కారణం లేకపోలేదు. తల్లి పోయేముందు కొడుకునీ కూతుర్నీ మంచం దగ్గరికి పిలిచి ఒకటే మాట చెప్పింది. "చిన్నది ఈ ఇంట్లో ఉన్నంతకాలం ఇల్లు అమ్మకూడదు." ఉన్నంతకాలం అంది. అంటే ఇల్లు వదిలి వెళ్ళిపోతే ఏమిటన్నది చెప్పకుండానే కన్నుమూసింది. ఆ చెప్పని ముక్క మీదే చిన్నమ్మాయి బతుకంతా నిలబడి ఉంది. పెళ్ళి వద్దనుకున్న మనిషికి ఆ వెనక గది తప్ప ఈ భూమ్మీద మరో చోటు లేదు. అన్నయ్య ఎలాగూ సొంత రక్తం. మరి తనని బయటికి పంపాలని చూసేదెవరు? పరాయింటి నుంచి వచ్చిన మనిషే కదా.

పైగా ఆ వదిన మాట్లాడదు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టు ఉంటుంది. హార్బరు పక్కన ఐసు ఫ్యాక్టరీలో ఆవిడకి పని. పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికి చేతులు ఎర్రగా చేసుకుని తిరిగొస్తుంది. అన్నయ్యేమో టైల్స్ దుకాణంలో సేల్స్‌మన్. ఆయన మాట్లాడుతుంటే బాత్రూం గచ్చు కొనడానికి వచ్చినవాడు ఇల్లంతా పరిపించుకుని వెళ్ళాల్సిందే.

ఒకరోజు వదిన బకెట్టుతో వచ్చింది. వలకి అంటుకుని వచ్చిన కటిల్‌ఫిష్ గుడ్లు, నల్లద్రాక్ష గుత్తిలాగా. పేరుకి చేపే గానీ అది చేప కాదు. మూతి చుట్టూ చేతులూ, రంగులు మారే ఒళ్ళూ ఉన్న జీవి. హార్బరు వాళ్ళు ఆ గుడ్లు పారేస్తుంటే వదిన అడిగి తెచ్చుకుంది. వెనకాలే ఇద్దరు మనుషులు గాజు తొట్టి మోసుకొచ్చారు.

"ఎక్కడ పెట్టించమంటావు వదినా?" అంది చిన్నమ్మాయి, ఎక్కడ పెట్టించినా తన గదిలో మాత్రం కాదులే అనుకుంటూ.

"నీ గదిలో," అంది వదిన.

"నా గదిలోనా? ఎందుకట?"

"ముందు గదుల్లో ఎండ పడుతుంది. నీళ్ళు వేడెక్కితే గుడ్లు పోతాయి. చల్లటి గది ఇంట్లో అదొక్కటే."

చిన్నమ్మాయి నోరు కట్టేసినట్టయింది. గది చల్లగా ఉంటుందని పదిమంది దగ్గరా గొప్పలు చెప్పుకున్నది తనే. తొట్టి కిటికీ కింద, గదంతా కనబడేలా కుదురుకుంది. గాలి పంపు రాత్రీ పగలూ గుర్రుమంటూనే ఉంది. సముద్రపు నీళ్ళ డబ్బాలు వచ్చాయి, వలసంచీలు వచ్చాయి, పుట్టబోయే పిల్లలకి మేతగా సన్న రొయ్యపిల్లలు ఒక సీసాలో వచ్చాయి. గదంతా ఉప్పు వాసన. పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఇదే అనుకుంది చిన్నమ్మాయి.

అంతకంటే పెద్ద ఇబ్బంది దారంతో వచ్చింది. నీళ్ళు మార్చడానికి వదిన రోజూ గదిలోకి రావాలి కాబట్టి ఆ పోగు రోజూ తెగుతోంది. తెగిన పోగు చూసి, వచ్చింది వదినా ఇంకెవరైనానా అని తేల్చేదెలా? తన కాపలాని పనికిరాకుండా చెయ్యడానికే వదిన ఈ తొట్టి ఎత్తు వేసిందని ఆవిడకి గట్టిగా అనిపించింది. అయినా దారం కట్టడం మానలేదు, అలవాటు కదా.

గుడ్లు మాత్రం తమ పని తాము చేసుకుపోయాయి. ఉబ్బుతున్నకొద్దీ నలుపు వదిలి పొర పలచబడింది. లోపల బియ్యపు గింజంత పిల్ల, దానికి ఒంటికి మించిన కళ్ళు. గుడ్డులో ఉన్నప్పుడు ఏది చూస్తే అది ఒంటి మీద వేసుకుని పుట్టడం ఆ జాతికి మామూలే. ఐసు ఫ్యాక్టరీ మేనేజరు ఇంట్లో పుట్టినవాటికి గోడ కాగితం మీది పువ్వులన్నీ వచ్చాయి. మంగలి షాపులో పుట్టినవాటికి దువ్వెన పళ్ళు వచ్చాయి. టీవీ ఎదురుగా తొట్టి పెట్టుకున్నవాళ్ళింట్లో పుట్టినవి ఎప్పుడూ వార్తలు చదివే ఆవిడ జాకెట్ రంగులోనే ఉంటాయని వీధిలో నవ్వుకునేవారు. అందుకే చిన్నమ్మాయి ఇంట్లో పాత నైటీ మానేసి కాస్త మంచి పువ్వుల గౌను వేసుకోవడం మొదలెట్టింది. పుట్టేవి ఎటూ పుడతాయి, తన పరువు తియ్యకుండా పుడితే చాలు.

తొట్టి పక్కన మేకుకి వదిన ఒక నీలం తువ్వాలు తగిలించింది. దాని మధ్యలో గుండ్రంగా, నిమ్మకాయ పట్టేంత చిరుగు. అది చూస్తే చిన్నమ్మాయికి చేతులు ఆగలేదు.

"ఇది ఇప్పుడే రఫూ చేసేస్తాను వదినా."

వదిన ఆ తువ్వాలు ఆవిడ చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది. "వద్దు. అది అలాగే ఉండాలి."

"రఫూ మనిషి ఉన్న ఇంట్లో చిరుగు తువ్వాలా? ఎవరైనా చూస్తే నన్ను కదా అంటారు."

"ఎవరు చూస్తారులే," అంది వదిన. తువ్వాలు తీసుకెళ్ళి మళ్ళీ మేకుకే తగిలించింది. చిన్నమ్మాయికి ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. చిరుగుని కాపాడుకునే మనిషిని ఆవిడ జన్మలో చూడలేదు.

అన్నయ్య వచ్చి ఎంతో ప్రేమగా మాట్లాడింది ఆ వారంలోనే. గడప బయటే నిలబడ్డాడు. చెల్లెలి గదిలో తను అడుగుపెట్టనని ఆయనకో గొప్ప.

"నీ మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. ఆ మోటారు మోతలో నిద్రెలా పడుతుంది చెల్లాయ్?"

"పట్టట్లేదన్నయ్యా."

"నేను చెబితే మీ వదిన వింటుందా? పిల్లలు పెద్దయ్యేదాకా నీ దుకాణం పక్కనే ఉన్న ఆడవాళ్ళ హాస్టల్లో ఉండరాదూ. నేను మాట్లాడి పెట్టాను. ఆదివారం నేనే దింపుతాను. అంతా సద్దుమణిగాక తీసుకొస్తాను."

ఆ మాటకి చిన్నమ్మాయికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఈ ఇంట్లో తన బాధ పట్టించుకునే మనిషి ఒక్కడైనా ఉన్నాడు. తల్లి అన్న "ఉన్నంతకాలం" ఒకసారి గుండెల్లో కలుక్కుమంది గానీ, అన్నయ్యే తీసుకొస్తానంటుంటే ఇంకా భయమెందుకని సర్దిచెప్పుకుంది. వంటింట్లోంచి వదిన అంతా వింటూ కూడా కిక్కురుమనలేదు. చూశావా, అడ్డైనా చెప్పలేదు, ఇదే కదా దానికి కావలసింది అనుకుంది చిన్నమ్మాయి.

ఆదివారం పొద్దున బట్టలు సర్దుకుంటుంటే గుడ్లు పగలడం మొదలైంది.

ఒక్కొక్క పిల్లే తోక వైపు నుంచి జారి బయటపడి, నీళ్ళలో కాసేపు అలాగే నిలబడి, ఇసుక మీదకి దిగుతోంది. మొదట వచ్చినవాటి మీద చిన్నమ్మాయి గౌను పువ్వులే. ఎంత విసుగులో ఉన్నా ఆవిడకి ముచ్చటేసింది. పెట్టె వదిలేసి వచ్చి తొట్టి ముందు కూర్చుంది. తర్వాత పుట్టినవి వేరేగా ఉన్నాయి. ఒళ్ళంతా నీలం, వీపు మధ్యలో మాత్రం అంచులు చెదిరిన గుండ్రం. తువ్వాలు, దాని చిరుగు. ఆ చిరుగులోంచి కనబడ్డదేదో ఆ గుండ్రంలో ఉంది.

ఆవిడ దుకాణంలో వాడే భూతద్దం తెచ్చి పట్టుకుంది.

మొదటిదాంట్లో తెల్ల బట్ట మీద నీలం చారలు. చొక్కా జేబు మూల. అక్కడ ఒక్క చార మాత్రం నీలంగా మొదలై మధ్యలో బూడిదరంగుకి మారింది. చిన్నమ్మాయి భూతద్దం ఇంకా దగ్గరికి జరిపింది. ఆ చార ఆవిడే నేసింది. కిందటేడు అన్నయ్య జేబు చిరిగితే నీలం పోగు చాలక, ఇంట్లోవాడే కదా ఏమనుకోడులే అని బూడిదరంగు పోగుతో కానిచ్చింది. ప్రపంచంలో అలాంటి చొక్కా ఒక్కటే ఉంటుంది.

రెండోదాంట్లో పసుప్పచ్చ పట్టీ, దాని మీద వరసగా సన్నటి నల్లగీతలు. కొలతలు తీసే టేపు.

మూడోదాంట్లో తెల్ల కోటు జేబు, దాని మీద దారంతో కుట్టిన చిన్న పన్ను. వీధి మూల ఇరుకు గదిలో కుర్చీ వేసుకుని, పెద్ద చోటు అమ్మకానికి ఉంటే చెప్పండని పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళనల్లా అడిగే డాక్టరు ఈ చుట్టుపక్కల ఒక్కడే.

గడప తొక్కనన్న మనిషి గదిలోకి వచ్చాడు. డాక్టర్ని తీసుకొచ్చాడు. గది కొలిచాడు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, బియ్యపు గింజంత పిల్లలు పట్టేసుకున్నాయి. చిన్నమ్మాయి భూతద్దం దింపింది. ఇన్నేళ్ళూ దారం కట్టింది ఒకరి కోసం, తెంపింది ఇంకొకరు.

"రెడీయేనా చెల్లాయ్?" అంటూ అన్నయ్య గడప దగ్గరికి వచ్చాడు. ఒంటి మీద అదే చొక్కా.

"లోపలికి రా అన్నయ్యా. పిల్లలు పుట్టాయి, చూద్దువుగాని."

"నేనెందుకులే, ఆడపిల్ల గది..."

"పరవాలేదు, నీకు అలవాటేగా."

ఆయన వచ్చి వంగి చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ముందు చెయ్యి జేబు మీదికి పోయింది. తర్వాత నవ్వాడు. టైల్స్ అమ్మే నవ్వు.

"ఓ, అదా. పైకప్పు కారుతోందేమోనని ఒకసారి చూడ్డానికి వచ్చాన్లే."

"పైకప్పు చూడ్డానికి పళ్ళ డాక్టరెందుకన్నయ్యా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. రొయ్యపిల్లల సీసా పట్టుకుని అప్పుడే లోపలికి వచ్చిన భార్య వైపు తిరిగాడు. "నువ్వే కదా, గుడ్లు చూస్తాయి, తొట్టి మీద కప్పుకోండని ఆ తువ్వాలిచ్చావు."

"ఇచ్చాను," అంది వదిన. "చిరుగు చూసుకోవాల్సింది మీరు."

చిన్నమ్మాయి పెట్టెలోంచి ఒక్కొక్క గౌనే తీసి మళ్ళీ బీరువాలో పెట్టడం మొదలెట్టింది. "హాస్టలు వాళ్ళకి రావట్లేదని నువ్వే చెప్పు," అంది అన్నయ్యతో, అటు తిరక్కుండానే. "డాక్టరుకి కూడా చెప్పు. ఇక్కడ మనిషి ఉంది, ఉంటుంది."

ఆయన చెప్పడానికి ఏమీ దొరక్క బయటికి వెళ్ళిపోయాడు. జీవితంలో ఆయనకి మాట దొరకకపోవడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

వదిన తొట్టిలో రొయ్యపిల్లల్ని వదులుతోంది. కొత్తగా పుట్టినవి వాటిని చూసి ఇంకా బెదురుతున్నాయి.

"నాకు ఒక్క మాట చెప్పొచ్చుగా వదినా," అంది చిన్నమ్మాయి.

"నేను చెబితే నమ్మేదానివా?"

చిన్నమ్మాయి అబద్ధం చెప్పడానికి నోరు తెరిచి మూసుకుంది. "నమ్మేదాన్ని కాదు. అన్నాచెల్లెళ్ళకి కలహం పెట్టి తమాషా చూస్తున్నావనేదాన్ని."

"అందుకే. చెబితే వినే మనిషివి కాదు, చూస్తే నమ్మే మనిషివి." వదిన సీసా మూత బిగించింది. "అయినా ఇదంతా నీ కోసమే అనుకోకు. సొంత చెల్లెల్ని అంత తియ్యగా సాగనంపేవాడు రేపు నాకో హాస్టలు చూడడని ఏముంది?"

పెళ్ళై వచ్చాక వదిన అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం అదే. చిన్నమ్మాయికి సిగ్గేసింది. ఆ సిగ్గులోనే ఎన్నడూ లేని ధైర్యం కూడా కలిగింది. ఇంట్లో తన పక్కన ఇంకొకరు ఉన్నారు.

డాక్టరు బేకరీ పైన వాటా చూసుకున్నాడు. అన్నయ్య కొన్నాళ్ళు అలిగి, అన్నం దగ్గర తప్ప కనబడకుండా తిరిగి, మెల్లగా మామూలయ్యాడు. ఆ చారల చొక్కా మాత్రం మళ్ళీ వెయ్యలేదు. పిల్లలు అరచేయంత అయ్యాయి. వాటిలో ఒకదాని వీపు మీది పన్ను కూడా దానితోపాటే పెరిగింది. చిన్నమ్మాయి తలుపుకి దారం కట్టడం మానేసింది. అనుమానం పూర్తిగా పోయిందని కాదు, ఎన్నేళ్ళ కాపురం, అంత తేలిగ్గా పోతుందా? ఇప్పుడు కాస్త సరైన వైపు చూస్తోంది.

ఒక మధ్యాహ్నం ఆవిడ మేకు మీది తువ్వాలు తీసి ఒళ్ళో పరుచుకుంది. వదిన గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"దానికి రఫూ చెయ్యకు."

"చెయ్యను," అంది చిన్నమ్మాయి.

సూదిలోకి నీలం దారం ఎక్కించి, చిరుగు అంచు వెంబడి ఒత్తుగా, చొక్కా కాజాకి కుట్టినట్టు చుట్టూ కుట్టుకుంటూ వచ్చింది. ఇన్నేళ్ళ పనిలో ఎన్ని చిరుగులు మూసిందో ఆవిడకే తెలియదు. తెరిచి ఉంచడానికి కుట్టింది మాత్రం ఇదొక్కటే. వదిన వచ్చి పక్కన కూర్చుని, ముడి పడ్డాక దారం కత్తిరించడానికి కత్తెర అందించింది. తర్వాత తువ్వాలుని మళ్ళీ ఆ మేకుకే తగిలించారు.