కంపెనీ డబ్బా

శకుంతల ఫ్లాస్కు మూత మూడోసారి బిగించింది. పదింటికల్లా బెజవాడలో ఉండాలి. అత్తగారు నాగేంద్రమ్మ కంటికి ఆపరేషన్. వాకిట్లో అంబాసిడర్ సిద్ధంగా ఉంది. నిన్ననే బ్రేకుల మాస్టర్ సిలిండర్ మార్పించారు. అయినా శకుంతలకు కాలు ఒకచోట నిలవడం లేదు.

కారణం ఆ సిలిండర్ వచ్చిన అట్టడబ్బా, ఇప్పుడు ఖాళీగా కిటికీలో ఉంది. కంపెనీ సిలిండర్ బెజవాడలో నాలుగు వందల యాభై, లోకల్‌ది నూట ఇరవై అన్నాడు మెకానిక్ బాలశౌరి. లోకల్‌ది మాత్రం వేయించొద్దన్నాడు. ఆమె భర్త ప్రభాకరరావు మామిడి వ్యాపారి, బేరమాడకుండా అగ్గిపెట్టె కూడా కొనడు. హనుమాన్ జంక్షన్‌లో కంపెనీ డబ్బాలో ఉన్నదాన్నే రెండు వందల అరవైకి పట్టుకొచ్చాడు. బాలశౌరికి జ్వరమని ఇంకెవరి చేతో బిగింపించాడు.

డబ్బా మూత అంచులు నలిగి మెత్తబడ్డాయి. కొత్తగా అంటించిన కాగితం కింద పాత కాగితం చిరిగిన గుర్తు కనిపిస్తోంది.

"ఈ డబ్బా ఇదివరకే ఒకసారి తెరిచారండీ."

"కంపెనీ పేరు కనపడ్డంలా?" అన్నాడు ప్రభాకరరావు కారు తలుపు తీస్తూ. " బీయే చదివింది అట్టడబ్బాలు పరీక్ష చెయ్యడానికా? ఎక్కండి, ఎండెక్కుతోంది."

"ఎక్కుదాం పదమ్మాయ్," అంది నాగేంద్రమ్మ. "మీరు తేల్చుకునేలోపు నా రెండో కన్ను కూడా పోయేట్టుంది."

శకుంతల కదల్లేదు. "బ్రేకు గట్టిగా తొక్కి అలాగే పట్టుకోండి. పెడల్ నిలబడాలి, కిందికి దిగకూడదు. బాలశౌరి చెప్పాడు."

విసుక్కుంటూనే ప్రభాకరరావు సీట్లో కూర్చుని తొక్కాడు. ఆమె అతని మోకాలి వైపే చూస్తూ నిలబడింది. పెడల్ మొదట ఆగింది. తర్వాత మెల్లగా, అతను ఇంకా గట్టిగా తొక్కకుండానే, అడుగుకంటా దిగిపోయింది. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ దిగింది.

"ఆ డబ్బా ఇటివ్వు," అన్నాడు.

అంటించిన చోట బొటనవేలితో రుద్ది చాలాసేపు చూశాడు. సీజన్‌లో వాళ్ళ మామిడి షెడ్డుకు చవక రకం మైలవరం కాయ వస్తుంది. నూజివీడు రసాలని అచ్చు వేసిన పాత చెక్కపెట్టెల్లో దాన్ని సర్ది పంపుతారు. పెట్టె మళ్ళీ తెరిచినట్టు తెలియకుండా మేకులు పాత బెజ్జాల్లోనే కొట్టాలని కూలీలకు నేర్పింది అతనే.

"వాడిన డబ్బాలో లోకల్‌ది పెట్టి అంటించాడు కొట్టువాడు," అన్నాడు మెల్లగా. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

పెట్టెల మాట శకుంతల నోటిదాకా వచ్చింది. అత్తగారి ముందు ఎందుకులే అని ఊరుకుంది.

"బస్సు ఏడున్నరకుందండీ. ఇప్పుడు బయల్దేరితే అందుతుంది."

అతను తల్లి చెయ్యి పట్టుకున్నాడు. శకుంతల ఫ్లాస్కు తీసుకుంది. బస్సులో అతను ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"బెజవాడలోనే కొంటాను," అన్నాడు. "నాలుగొందల యాభైకే."

"బిల్లు తీసుకోండి."

తలూపాడు. హనుమాన్ జంక్షన్ దగ్గర లారీ ఒకటి అడ్డం వచ్చింది. బస్సు పూర్తిగా ఆగేదాకా శకుంతల డ్రైవరు కాలి మీంచి చూపు తిప్పలేదు.