పక్కనున్న అమ్మాయి

మా సుస్మితకు ఒక్కదానికే తీసిన మంచి ఫొటో లేదు. పెద్దకర్మ దగ్గరపడ్డాక గాని ఆ సంగతి మాకు తట్టలేదు. ఒకే పోలికున్న కవలపిల్లలు కదా, ఎవరు కెమెరా పట్టుకున్నా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టే తీశారు. హాల్ టికెట్ కోసం తీయించిన చిన్న ఫొటో ఒకటుంది గాని, అందులో భయపడినట్టు చూస్తూ ఉంటుంది. అది వద్దని నా భార్య ఉషశ్రీ తల అడ్డంగా ఊపింది. సెల్‌ఫోన్లలో వాళ్లు తీసుకున్నవి చాలా ఉన్నాయి. వాటిలో ఇద్దరికీ కుక్క చెవులో, పూల కిరీటాలో తగిలించి ఉన్నాయి.

డెంగ్యూ జ్వరం. ఆసుపత్రిలో ఉన్నది కొద్ది రోజులే. దాని గురించి ఇంతకంటే రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇంకొకటి మాత్రం చెప్పాలి. ఆసుపత్రి నుంచి వచ్చింది మొదలు ఉషశ్రీ మా రెండో పిల్ల రుచిత ముఖం చూడటం లేదు. కోపం కాదు. ఆ పిల్ల గదిలోకి వస్తే గోడ వైపు తిరిగి పడుకుంటుంది. కంచంలో అన్నం పెట్టి తెస్తే, అది వెళ్లిపోయాక రెండు ముద్దలు తింటుంది. పేరు కూడా పలకదు. రుచిత ఎందుకని అడగలేదు. ఎండలో స్కూటీ మీద వెళ్లేటప్పుడు ఆడపిల్లలు ముఖానికి చున్నీ చుట్టుకుంటారే, అలా ఇంట్లోనే చుట్టుకోవడం మొదలుపెట్టింది. కళ్లు మాత్రమే కనబడేవి. నేను చూసి ఊరుకున్నాను. ఆ రోజుల్లో నాకు ఏదీ పెద్దగా తెలిసేది కాదు. కాని ఇది ఇలాగే అలవాటైపోతుందేమోనన్న భయం ఒక్కటి లోపల మెదులుతూ ఉండేది. ఒక పిల్ల పోయింది, ఉన్న పిల్లను తల్లి చూడకుండా అయిపోతుంది.

పనులన్నీ ఉషశ్రీ తమ్ముడు లక్ష్మీకాంత్ నెత్తిన వేసుకున్నాడు. పటమటలో మా వీధి చివరే వాళ్ల ఇల్లు. చుట్టాలందరినీ అడిగి, మంగళగిరిలో ఒక పెళ్లిలో తీసిన ఫొటో సంపాదించాడు. ఇద్దరూ ఒకే రంగు చీరలు కట్టుకుని, తలలు ఆనించుకుని నవ్వుతున్నారు. బాగుంది. కాని దండ వేసే ఫొటోలో బతికున్న మనిషి ఉండకూడదు. రుచితను తీయించి, మిగిలింది పెద్దది చేయించమని నన్ను బెంజ్ సర్కిల్ దగ్గర ఒక స్టూడియోకు పంపాడు. రుచిత తనూ వస్తానంది.

అక్కడ డిజైన్లు చేసే అమ్మాయి పేరు డయానా. ఫొటో తెర మీదికి తెచ్చి, ఎవరిని ఉంచాలని అడిగింది. నేను చూపించాను. తర్వాత, ముఖానికి చున్నీ చుట్టుకున్న రుచిత వైపు తిరిగి, ఏసీ ఎక్కువగా ఉంటే తగ్గిస్తానంది. రుచిత చున్నీ విప్పింది. డయానా ఒకసారి తెరను, ఒకసారి రుచితను చూసి, మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది.

ఆ తర్వాత ఆమె తన పని గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆ గదిలో ఏదో ఒక మాట వినబడాలని కాబోలు. మాస్క్ అంటే ఫొటో మీద పరిచే పొరట. దాని మీద నలుపు పూసినచోట కిందిది దాగిపోతుంది, తెలుపు పూసినచోట తిరిగి కనబడుతుంది. సిద్ధంగా ఉన్న ఆకారాలు చూపించింది. హృదయం, సీతాకోకచిలుక, దీపం, విచ్చుకున్న రెక్కలు. పెళ్లి ఆల్బములకు కూడా ఇవే వాడతామని, రంగులు మారుస్తామని అంది. నేను అవేవీ వద్దన్నాను.

చిక్కు వేరే చోట వచ్చింది. రుచిత తల ఆనించి ఉండటం వల్ల ఆ వైపు సుస్మిత చెవీ, దవడలో కొంతా ఫొటోలో అసలు పడలేదు. రెండో వైపు చెవిని జడలోని పూలు కప్పేశాయి. రుచితను దాచగానే ముఖం పక్కన ఖాళీ తేలింది. ఆ అంచును కుంచెతో పూసినట్టు చెదరగొట్టి, పైన గోడలాంటి గరుకు టెక్స్చర్ పరిస్తే, ముఖం ఆ వైపు నెమ్మదిగా గోడలోకో కాగితంలోకో కలిసిపోయినట్టు ఉంటుందని డయానా చెప్పింది.

"ఇంకో దారి కూడా ఉంది సార్," అని కొంచెం ఆగింది. "ఈ పాప చెవి తీసి అక్కడ పెట్టొచ్చు. అదే వెలుతురు, అదే రంగు. ఎవరూ పట్టుకోలేరు."

"పెట్టేయండి," అంది రుచిత. "నా గాజులు, నా చెప్పులు, అన్నీ అడక్కుండా తీసుకునేది. చెవొక్కటే మిగిలింది."

డయానా నవ్వబోయి ఆపుకుంది. నేను వద్దన్నాను. ఎందుకో చెప్పలేదు. నాకూ స్పష్టంగా తెలియదు.

టెక్స్చర్లు వరసగా తెరిచింది. పాత కాగితం, తడిసిన అద్దం, నేత బట్ట, సున్నం గోడ. కొన్ని తనే ఊరంతా తిరిగి ఫొటోలు తీసుకొచ్చిందట. కృష్ణలో నీళ్లు తగ్గాక బీటలిచ్చిన ఒండ్రు కూడా ఉంది వాటిలో. ఏదైనా ఫరవాలేదన్నాను. రోజూ చూడాల్సింది మీరు కదా సార్, మీరే చెప్పండి అంది. చివరికి రుచిత సున్నం గోడ బాగుందంది. అది సుస్మిత చెంప మీద పలచగా పరుచుకుంది. ఎప్పుడో గోడ మీద వేసిన బొమ్మలాగా, ఒక పక్క పెచ్చులూడినట్టుగా అయింది. నాకు ఏడుపు రాలేదు. సరిపోయిందన్నాను.

లేవబోతూ రుచిత అడిగింది. "మరి నన్ను డిలీట్ చేసేశారా?"

"లేదమ్మా. కింద ఉన్నావు. దాచానంతే."

రుచిత చున్నీ మళ్లీ చుట్టుకుంది. ఆటోలో ఇంటికి వచ్చేశాం.

పెద్దకర్మ నాటి పొద్దున లక్ష్మీకాంత్ స్వయంగా వెళ్లి ఫ్రేము తెచ్చాడు. కాగితం విప్పాక చూస్తే ముఖం నిండుగా ఉంది. గోడ లేదు, అంచు లేదు. వెనక నీలిరంగు మబ్బులు. లేని చెవి వచ్చి చేరింది. మీరు చెప్పినట్టు సగం ముఖం పెడితే చుట్టాలు ఏమనుకుంటారు బావగారూ, అందుకని నేనే ఫోన్ చేసి సరిచేయించాను, మీరున్న పరిస్థితిలో మళ్లీ మిమ్మల్ని అడగడమెందుకని చెప్పలేదు అన్నాడు మెల్లగా. నాకు కోపం రావలసింది. ఫొటోను చాలాసేపు చూశాను. ఎక్కడా అతుకు కనబడలేదు. కుర్చీలో పెట్టాం. అతను దండ వేశాడు.

చుట్టాలు ఉషశ్రీని పట్టుకుని తీసుకొచ్చారు. ఆమె ఫొటో ఎదురుగా నిలబడింది. ఏడుస్తుందనుకున్నారు అందరూ. ఏడవలేదు. ముందుకు వంగి, దండను రెండు వేళ్లతో పక్కకు జరిపింది.

"ఈ చెవి ఎవరిది?"

లక్ష్మీకాంత్ నా వైపు చూశాడు. "చెవేంటక్కా, సుస్మితదే..."

"కాదు. రుచితది."

ఇన్నాళ్లకు ఆ పేరు ఆమె నోట విన్నాను.

"సుస్మితకి చెవులు కుడుతుంటే చూసి ఇది బెదిరిపోయింది. దీని వంతు వచ్చేసరికి తల విదిలించింది. కన్నం కిందికి, అంచుకి పడింది. తెగిపోద్దని ఒక్కనాడు బుట్టలు పెట్టలేదు నేను. చూడు, దుద్దు ఎక్కడుందో చూడు."

చూశాను. నిజమే, దుద్దు తమ్మె చివర వేలాడుతోంది. ఇన్నేళ్లలో నేను ఎప్పుడూ గమనించలేదు.

"బతికున్న పిల్లకి దండేశావేంట్రా," అంది ఉషశ్రీ. గొంతు పెంచలేదు. "దానికేమన్నా అయితే?"

లక్ష్మీకాంత్ ముఖం పాలిపోయింది. ఆమె తనే దండ తీసి పక్కన పెట్టింది. ఫ్రేమును గోడ వైపు తిప్పేసింది.

నేను స్టూడియోకు ఫోన్ చేశాను. సగం చెప్పగానే డయానాకు అర్థమైంది. మొన్న మీరు చూసింది అలాగే ఉంచాను సార్, ప్రింటు తీసి పెడతాను, ఎవరినైనా పంపండి అంది. లక్ష్మీకాంత్ బండి తాళాలు తీసుకుని వెళ్లాడు.

ఉషశ్రీ వంటింట్లోకి వెళ్లింది. వెనకే వెళ్లాలా వద్దా అని గుమ్మం దగ్గర ఆగాను. రుచిత చున్నీ చుట్టుకుని, ఎవరి కంటా పడకుండా ఒక మూల కూర్చుని అరిటాకులు తుడుస్తోంది. తల్లిని చూసి గబుక్కున తల దించుకుని గోడ వైపు తిరిగింది.

"అది తియ్యి," అంది ఉషశ్రీ.

రుచిత ఇంకో ఆకు తుడవసాగింది. ఉషశ్రీ కింద కూర్చుని, తనే చున్నీ మడతలు ఒక్కొక్కటీ విప్పింది. జుట్టు వెనక్కి తోసి, చెవి తమ్మెను వేళ్ల మధ్య పట్టుకుంది. ముందు ఆ చెవినే చూసింది. తర్వాత దవడ. కళ్ల దాకా రావడానికి కొంచెం ఆలస్యమైంది.

ముందు గదిలో పంతులుగారు కార్యక్రమం ఎందుకాగిందని అడుగుతున్నారు. ఫొటో రావాలండీ, కాస్త ఆగండి అని చెప్పడానికి నేను వెళ్లాను.