విగ్గు పెట్టని విలన్

ఇరవై ఏళ్లుగా సినిమాల్లో వగ్దీకి దొరికినవన్నీ వెయిటర్లు, పోలీసులు, శవాలు. శవంగా మాత్రం బాగా చేస్తాడని కైరోలో పేరు. "ఏం వగ్దీ వాళ్లమ్మా, ఈసారి మీవాడు ఎన్నో నిమిషంలో చస్తాడు?" అని వాళ్లుండే షుబ్రా పేటలో కూరగాయలవాడు అడిగినప్పుడల్లా వాళ్లమ్మ అతియాత్‌కు ఒళ్లు మండిపోయేది.

ఇన్నాళ్లకు అసలైన వేషం దొరికింది. ఒక అమ్మాయిని నేలమాళిగలో బంధించిన మనిషి, అతని ఒక్క ఒంట్లో నలుగురు. మెతక గుమాస్తా, పదేళ్ల పిల్లాడు, తఫీదా అనే ఆడమనిషి, నోరు విప్పని నాలుగోవాడు. తఫీదాకి విగ్గు పెడదామని దర్శకుడు బతిమాలినా వగ్దీ వినలేదు. ఈ సినిమా కూడా పోతే మన్సూరా వెళ్లి మేనమామ టైల్స్ కొట్లో కూర్చుంటానని అమ్మకు మాటిచ్చాడు.

మొదటిరోజు మ్యాట్నీకి తల్లీకొడుకులు కలిసే వచ్చారు. తీరా వచ్చాక కొడుక్కి లోపలికి అడుగుపడలేదు.

"నువ్వెళ్లమ్మా. జనం నవ్వితే మాత్రం నాకు చెప్పకు."

"నవ్వినవాడి పళ్లు రాలగొడతాను. నువ్వు టీ తాగు."

గుమాస్తా వచ్చినంతసేపూ జనం పుచ్చగింజలు కొరుకుతూ కూర్చున్నారు. పిల్లాణ్ణి చూసి జాలిపడ్డారు. ఆ తర్వాత తెర మీద వగ్దీ చొక్కా చేతులు మడిచి, గొంతు సన్నం చేసి, "తినవేమే తల్లీ?" అనేసరికి హాలంతా గొల్లుమంది. "పెళ్లికూతురొచ్చిందిరోయ్!" అని వెనక ఎవడో ఈల వేశాడు. అతియాత్ సీట్లో ముడుచుకుపోయింది. వాడి పళ్ల సంగతే మర్చిపోయింది పాపం.

తఫీదా మాత్రం తొణకలేదు. గొలుసులతో కట్టేసిన ఆ అమ్మాయి జుట్టు చిక్కు తీస్తూ, నీ పెళ్లికి ఏమేం వండిద్దామంటూ ముచ్చట్లు చెప్పింది. ముద్ద పెట్టి, మూతి తుడిచి, బయటికి వెళ్లి తాళం వేసింది. హాల్లో నవ్వులు ఎప్పుడాగాయో తెలియదు. గింజల చప్పుడు కూడా లేదు. ఉన్నట్టుండి ముందు వరుసలో ఒక లావుపాటావిడ లేచి, కాలి చెప్పు తీసి తెర మీదికి విసిరింది.

"వదలవే దాన్ని, నీ ఇల్లు పాడుగాను!"

విగ్గయినా లేని మగాణ్ణి ఆడదనే నమ్మి తిట్టింది! అతియాత్‌కు గర్వంతో కళ్లనీళ్లు ఆగలేదు. ఇలాంటి తిట్టు కోసమే కదా వాడు ఇరవై ఏళ్లు శవాల వేషం వేసింది.

ఆట విడిచాక వరండాలో వగ్దీని చూసి ఆ లావుపాటావిడ కెవ్వుమంది.

"వీడే! పిల్లల్ని ఇటు లాక్కోండి!"

జనం నిజంగానే వెనక్కి తగ్గారు. అతియాత్ వాళ్లను తోసుకుంటూ వచ్చి కొడుకు చెయ్యి పట్టుకుంది.

"నా కొడుకమ్మా వీడు!"

"నీ కొడుకా? ఆ నలుగురిలో ఎవడు?"

అతియాత్ తలెత్తి ఆవిడ కళ్లలోకి సూటిగా చూసింది.

"నలుగురూనమ్మా. ఒక్క కాన్పులో కన్నాను."