ప్రశ్నలు అడగని ఆసుపత్రి

నర్సమ్మ రిటైరై ఏడాది కాలేదు, ఇంట్లో కాలు నిలవడం లేదు. ముప్పై రెండేళ్లు పుళ్లు కడిగిన చేతులు ఊరికే ఉంటాయా? ఒక్కసారైనా దేశం దాటి, జీతం లేకుండా ఎవరికైనా అక్కరకు రావాలని పట్టుపట్టింది.

"నువ్వెళ్లకపోతే అక్కడి జనం బతకరా ఏంటే?" అని అక్క దెప్పింది.

అలా పంపే సంస్థలు రెండు దొరికాయి. మొదటివాళ్లు ఫోన్లో గంటసేపు ప్రాణం తోడేశారు. ఆరు నెలలుండాలట, భాష నేర్చుకోవాలట, అక్కడి సిబ్బంది ఒప్పుకోవాలట. నర్సమ్మకి ఒళ్లు మండింది. "నిన్నగాక మొన్న పుట్టినవాళ్లు నాకు పరీక్ష పెడతారా!" అని ఫోన్ పెట్టేసింది. రెండోవాళ్లు అడిగింది ఒకటే, ఎప్పుడొస్తారండీ అని. మూడు వారాలు చాలన్నారు. మర్యాదంటే ఇదీ అనుకుని అక్కడికే వెళ్లింది.

ఆ చిన్న ఆసుపత్రిలో కట్లు కట్టే గది ఆమెకి అప్పజెప్పారు. పొద్దున్నే కాలిన చేతులు, పుండుపడ్డ కాళ్లు వరసగా. అబ్బ, ఎన్నాళ్లకి! వరండాలో రోజూ ఒకావిడ కూర్చునేది. ఎవరో రోగి తాలూకు మనిషి కాబోలనుకుని, నర్సమ్మ ఆవిణ్ణి లోపలికి పిలిచి సైగలతోనే కట్టు కట్టడం నేర్పింది. ఆవిడ ఇట్టే పట్టేసింది. చుట్టు వదులవలేదు, ముడి పుండు మీద పడలేదు. తన బోధన మహిమే అనుకుని నర్సమ్మ మురిసిపోయింది, పిచ్చిది.

చివరి రోజు ఆవిడ కాంపౌండర్ని వెంటబెట్టుకొచ్చింది. అక్కడ నర్సమ్మ భాష తెలిసినవాడు అతనొక్కడే.

"మీ తర్వాత ఇంకెవరైనా వస్తున్నారా అని అడుగుతోందమ్మా."

"ఎందుకూ, ఇంకా నేర్చుకుంటుందా?"

కాంపౌండర్ నేలచూపులు చూశాడు. "ఈ గది ఈవిడదేనమ్మా. పద్నాలుగేళ్లుగా కట్లు కట్టేది ఈవిడే. ఊరికే చేసేవాళ్లు వచ్చినన్నాళ్లు ఈవిణ్ణి మాన్పించేస్తారు, జీతం ఉండదు. ఎప్పుడు పిలుస్తారోనని రోజూ వచ్చి కూర్చుంటుంది."

నర్సమ్మకి తల కొట్టేసినట్టయింది. పోయిన వారమే, ఇక్కడ ఎంత తృప్తో చెప్పి, తనతో పనిచేసిన ఇద్దరు నర్సుల్ని తానే రమ్మని ఒప్పించింది. వెంటనే వాళ్లకి ఫోన్ చేసింది.

"రాకండే, మీకు దణ్ణం పెడతాను. మనం వస్తే ఇక్కడొకావిడ పొట్ట కొట్టినట్టే."

"బాగుందే! పుణ్యమంతా నీ ఒక్కదానికేనా?" అని అటువైపు నవ్వు. "టికెట్లు కొనేశాం. సోమవారం దిగుతున్నాం."

ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"ఏం చెప్పమంటారమ్మా?" అన్నాడు కాంపౌండర్.

"ఇద్దరొస్తున్నారని చెప్పు."